గొడుగు పిడుల కంపెనీలో దొంగ

ఆ కంపెనీ గొడుగు పిడులు తయారు చేస్తుంది. కర్రపిడి, ప్లాస్టిక్ పిడి, వంకీ పిడి, గుండుపిడి, ఏ రకం ఎన్ని ఉన్నాయో స్టోర్సు చూసే ఆవిడను అడిగితే నిద్రలో లేపినా చెబుతుంది. ఆ స్టోర్సు లేదు. ఆవిడా లేదు. పిడులు అసలే లేవు. టైర్ల కొట్టు మీద మూడో అంతస్తులో, నెట్‌వర్క్ నిర్వహణా భద్రతా నేర్పే శిక్షణ సంస్థలో, బీరువాంత ఎత్తున్న ఒక ఇనప పెట్టెలో ఆ కంపెనీ మొత్తం ఇమిడి ఉంది. పెట్టె వేడెక్కకుండా ఎదురుగా ఒక టేబుల్ ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. కంపెనీ ఆస్తి మొత్తంలో నిజమైనది ఆ ఫ్యాను ఒక్కటే.

ఇదంతా దొంగ కోసం. ఆ సంస్థలో చదువు చివర ప్రశ్నపత్రం ఇవ్వరు. ప్రతి విద్యార్థికీ ఆ లేని కంపెనీలో ఒక బ్రాంచి అప్పగిస్తారు. బ్రాంచికి ఐదుగురు ఉద్యోగులను సృష్టించుకోవాలి, వాళ్ళ ఖాతాలు తెరవాలి, వాళ్ళ తరఫున ఉత్తరాలు రాస్తూ ఉండాలి. ఒక తలుపు మాత్రం ఓరగా వదిలిపెట్టాలి. ఇంటర్నెట్టులో తిరిగే దొంగల్లో ఎవడో ఒకడు అది నిజమైన ఆఫీసు అనుకుని లోపలికి వస్తాడు. వచ్చినవాడిని కనిపెట్టి, సాక్ష్యంతో సహా బయటి పరీక్షాధికారికి చూపించాలి. దొంగ దొరికితే పాసు. దొరక్కపోతే ఇంటికి.

“దొంగని పట్టాలంటే ముందు దొంగకి నచ్చాలమ్మా,” అనేవారు గోడ మాస్టారు. పాఠం చెప్పేటప్పుడు మనుషుల ముఖాలు చూడకుండా బోర్డు పక్కనున్న గోడను చూస్తూ చెబుతారు కాబట్టి ఆయనకు ఆ పేరు వచ్చింది. చెప్పే పాఠమూ ఎక్కువగా గోడల గురించే. ఏ గోడకి ఎక్కడ కన్నం ఉంటుందో, ఆ కన్నంలోంచి ఎవడు తొంగిచూస్తాడో ఆయన చెబుతుంటే సున్నం వేసిన ఆ గోడకే కాస్త సిగ్గనిపించేది.

ఆ బ్యాచిలో అందరికన్నా పెద్దది ఆపరేటరమ్మ. ఆసుపత్రిలో టెలిఫోను ఆపరేటరుగా ఎన్నో ఏళ్ళు పనిచేసింది. “ఒక్క క్షణం ఉండండి, కలుపుతున్నాను” అని ఆ ఊళ్ళో సగం మంది చెవుల్లో ఆమె గొంతు ఉంది. ఫోన్లు తమంతట తామే కలుసుకోవడం నేర్చుకున్నాక ఆసుపత్రికి ఆమెతో పని లేకపోయింది. ఉద్యోగం పోయినవాళ్ళకి ఇచ్చే సీటులో ఈ చదువులో చేరింది. ఆ సీటు మనిషికి ఒక్కసారే ఇస్తారు. పాసైతే నీటి సరఫరా కార్యాలయంలో నెట్‌వర్క్ గదిలో ఉద్యోగం సిద్ధంగా ఉంది. తప్పితే ఏముందో ఆమెకు తెలియదు. భర్త పోయి రెండేళ్ళు కావస్తోంది. ఇంట్లో ఉన్నది ఆమె, అత్తగారు. ఇద్దరి పొయ్యీ ఆ ఉద్యోగం మీదే వెలగాలి.

తోటివాళ్ళకి దొంగలు చకచకా వచ్చారు. పక్క సీట్లో కూర్చునే కండక్టరు బ్రాంచికైతే తలుపు తెరిచిన వారంలోనే వచ్చాడు. టికెట్లు కొట్టే యంత్రం వచ్చి బస్సు దిగిపోయిన మనిషి అతను. పాత అలవాటు పోలేదు.

“ఎక్కాడు, చూశాను, దించేశాను. అంతే అక్కా,” అన్నాడు.

“నా బ్రాంచి వైపు ఎవడూ కన్నెత్తి చూడటం లేదు తమ్ముడూ.”

“నీ స్టాపులో బస్సు ఆగదేమో.”

గోడ మాస్టారు ఆమె ఉద్యోగుల ఉత్తరాలు తెప్పించి చదివారు. సీనియర్ గుమాస్తా, స్టోర్సావిడ, క్యాషియరు, కొనుగోళ్ళ మేనేజరు, డిస్పాచ్ గుమాస్తా. ఐదో మనిషి, పార్సెళ్ళు పంపే ఆ డిస్పాచ్ గుమాస్తా, ఎర. అతని ఖాతాకి పసిపిల్లాడు కూడా ఊహించగల పాస్‌వర్డు పెట్టి, దొంగకి తాళంచెవి చేతికిచ్చినట్టు అలా వదిలేసింది. అతని చేత ఏ పనీ చేయించలేదు. మిగిలిన నలుగురూ మాత్రం ‘తమరి ఉత్తరం అందినది, తగు చర్య తీసుకొనబడును’ అని ఒకరికొకరు రాసుకుంటూ ఉన్నారు.

“మీవాళ్ళు మరీ బుద్ధిమంతులమ్మా,” అన్నారు మాస్టారు గోడతో. “ఇలాంటి ఆఫీసు లోకంలో లేదని దొంగకి కూడా తెలుసు. కాస్త ప్రాణం పొయ్యి.”

ప్రాణం ఎలా పొయ్యాలో ఆమెకు తెలియలేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు మంచం మీద నల్లకళ్ళద్దాలతో కూర్చుని ఉంది. ఆవిడ కంటికి ఆపరేషనైంది. టీవీ చూడొద్దన్నారు. అందువల్ల ఇంట్లో వినోదమంతా కోడలి మీద పడింది.

“ఏమే, నీ దొంగ వచ్చాడా?”

“రాలేదత్తయ్యా.”

“ఏం చూసి వస్తాడు? ఏం రాయిస్తున్నావు వాళ్ళ చేత? ఏదీ, చదువు.”

కోడలు చదివింది. అత్తగారు చివరిదాకా విని కళ్ళద్దాలు సర్దుకుంది.

“ఇదేం ఆఫీసే! ఒకళ్ళ మీద ఒకళ్ళు చాడీలు చెప్పుకోరా? ఒకళ్ళ కుర్చీలో ఇంకొకళ్ళు కూర్చోరా? నలుగురూ నాలుగు రాతిబొమ్మలు. రాసుకో. ఆ స్టోర్సావిడ ఉందే, ఆవిడకి నడుంనొప్పి. కుర్చీలో దిండు వేసుకుంటుంది. ఆ దిండు పోయింది.”

“ఎవరు తీశారత్తయ్యా?”

“క్యాషియరు తీశాడని ఆవిడ అనుమానం. తీశాడో లేదో మనకెందుకు? అనుమానం చాలు, ఆఫీసు నడిచిపోతుంది.”

నడిచిపోయింది. మర్నాడు స్టోర్సావిడ దిండు గురించి క్యాషియరుకి రాసింది. క్యాషియరు ఘాటుగా జవాబిచ్చాడు. కొనుగోళ్ళ మేనేజరు మధ్యవర్తిగా వెళ్ళి ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు. సీనియర్ గుమాస్తా మాత్రం రోజూ ఉదయం అందరికన్నా ముందు ఒక చిన్న ఉత్తరం పంపేవాడు. ఇవాళ చెయ్యాల్సిన పనులు ఇవి, వాన వచ్చేలా ఉంది, కిటికీలు వేసుకోండి, అని. ఆ ఉత్తరాలు అత్తగారు పనిగట్టుకుని చెప్పి రాయించేది. ఆయనంటే ఆవిడకు ప్రత్యేకమైన అభిమానం. “పెద్దమనిషి. ఆయన నోట తప్పుడు మాట రానివ్వకు,” అని హెచ్చరించేది.

రోజూ ఇంటి నుంచి కూడా రాయవలసి రావడంతో, సంస్థవాళ్ళ అనుమతితో ఆపరేటరమ్మ ఇంటి నుంచే కంపెనీలోకి వెళ్ళేది. అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే రోజుల్లో తన ఉద్యోగులను కాస్త చూసుకోమని కండక్టరుకి అప్పగించేది. అతనూ ఇంటి నుంచే చూసేవాడు. ఎవరు ఎక్కడి నుంచి లోపలికి వచ్చారో రాసిపెట్టే లాగ్ ఒకటి ఉంటుంది. అందులో ఒక బయటి ఇంటర్నెట్టు అడ్రసు పక్కన ‘మా ఇల్లు’ అనీ, ఇంకోదాని పక్కన ‘తమ్ముడి ఇల్లు’ అనీ, ఇంకో కొత్త అడ్రసు కనిపిస్తే దాని పక్కన కూడా ‘తమ్ముడి ఇల్లే కావచ్చు’ అనీ ఆమె రాసుకుంది.

దిండు తగాదా పెరిగి పెద్దదైంది. కండక్టరు బ్రాంచిలో ఇద్దరు ఉద్యోగులు తమను ఆ బ్రాంచికి బదిలీ చెయ్యమని అర్జీ పెట్టుకున్నారు. నిజంగా రబ్బరు తొడుగులు అమ్మే ఒక కంపెనీ, పిడులకి తొడుగులు కావాలా అని ధరలు రాసి పంపింది. క్యాషియరు వాళ్ళతో బేరమాడి, నాణ్యత బాగాలేదని తిప్పికొట్టాడు. సంస్థ ప్రిన్సిపలు గారు ఉదయం రాగానే సొంత ఉత్తరాలు పక్కనపెట్టి గొడుగు పిడుల కంపెనీ ఉత్తరాలు తెరవడం మొదలుపెట్టారు. ఒకరోజు హెడ్డాఫీసు పేరుతో ఆయనే ఒక మెమో పంపారు. దిండు విషయం తేలేవరకు స్టోర్సావిడకీ క్యాషియరుకీ ఇంక్రిమెంటు నిలిపివేయడమైనది.

“వాళ్ళు లేరు కదండీ?” అని ఆపరేటరమ్మ నెమ్మదిగా గుర్తుచేసింది.

“లేకపోతే? లేనివాళ్ళకి క్రమశిక్షణ అక్కర్లేదామ్మా?” అన్నారు ప్రిన్సిపలు గారు.

ఆ మర్నాడే దిండు దొరికింది. డిస్పాచ్ గుమాస్తా అందరికీ ఉత్తరం రాశాడు: ‘దిండు పాత సామాను గదిలో, పంపవలసిన పార్సెళ్ళ కింద కనిపించింది. దులిపించి కుర్చీలో పెట్టించాను. ఎవరి పొరపాటూ కాదు. వంకీ పిడుల పార్సెళ్ళు ఈ ఉదయం పంపాను, రసీదులు జతచేశాను.’

ఆపరేటరమ్మ చదివి పకపకా నవ్వింది. ఇది కండక్టరు పనే అనుకుంది. పక్క సీట్లో కండక్టరు కూడా అదే ఉత్తరం చదివి నవ్వుతున్నాడు.

“దొరికిందక్కా దిండు!”

“దొరికింది తమ్ముడూ!”

ఇద్దరూ ఒకళ్ళ తెలివిని ఒకళ్ళు మనసులోనే మెచ్చుకున్నారు. ప్రిన్సిపలు గారు సంతోషించి ఇంక్రిమెంట్లు పునరుద్ధరించారు. డిస్పాచ్ గుమాస్తాకి ప్రశంసాపత్రం కూడా పంపారు. అతను వినయంగా, ఇది నా ధర్మం అని జవాబిచ్చాడు. ఆ రోజు నుంచి పార్సెళ్ళు వేళకి వెళ్ళసాగాయి. రసీదుల నంబర్లు వరసగా ఉండేవి. స్టోర్సావిడ లెక్కలో గుండుపిడులు తక్కువైతే మర్యాదగా ఎత్తిచూపేవాడు. అత్తగారు కూడా మెచ్చుకుంది. “ఆ కండక్టరబ్బాయి మంచి రాతగాడే. నీకన్నా నయం.”

దొంగ మాత్రం రాలేదు. పరీక్షాధికారి వచ్చే రోజు దగ్గరపడుతోంది. ఆపరేటరమ్మకు అన్నం సయించడం మానేసింది.

చివరి పాఠం ఒకటి మిగిలింది. ఉద్యోగి వెళ్ళిపోతే అతని ఖాతా ఎలా మూసెయ్యాలన్నది. గోడ మాస్టారు చీటీలు తీయించారు. ఒకరికి రాజీనామా వచ్చింది, ఒకరికి పదవీ విరమణ, కండక్టరుకి పదోన్నతి. ఆపరేటరమ్మ చీటీ విప్పితే అందులో ‘మరణం’ అని ఉంది.

“మనిషి పోయిన గంటలో ఖాతా పోవాలి,” అన్నారు మాస్టారు గోడతో. “పోయినవాళ్ళ ఖాతాలంటే దొంగలకి ఎక్కువ ఇష్టం. తలుపు తట్టేవాళ్ళూ ఉండరు, తియ్యమనేవాళ్ళూ ఉండరు.”

ఆ సాయంత్రం ఇంట్లో, ఎవరు పోవాలన్న దాని మీద చర్చ జరిగింది.

“ఆ స్టోర్సావిడని చంపెయ్యి. నోరెక్కువ,” అంది అత్తగారు.

“చిన్నపిల్లలున్నారత్తయ్యా ఆవిడకి.”

“ఎవరు చెప్పారు?”

“మీరే కదా మొన్న రాయించారు. చిన్నదానికి జ్వరమని సెలవు కూడా పెట్టించారు.”

“అవును కదూ. పోనీ క్యాషియరు?”

“పెళ్ళి కుదిరింది.”

“కుదిర్చింది నేనే. మరి ఆ మేనేజరు?”

“ఇల్లు కట్టుకుంటున్నాడు. గోడలు లేచాయి, పైకప్పు పడలేదు.”

అత్తగారు నల్లకళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచింది. “అయితే పెద్దాయనే పోతాడు. ఎప్పుడూ ఇంతే. పనికొచ్చేవాళ్ళే ముందు,” అంది. “కష్టపడకుండా పోవాలి. నిద్రలో అని రాయి. రాసి ఊరుకోకు. ఆఫీసులో ప్రతి ఒక్కళ్ళూ ఒక మాట రాయాలి. ఒక్కళ్ళు తప్పినా నేను ఊరుకోను.”

ఎందుకని కోడలు అడగలేదు. ఆవిడ కొడుకు పోయినప్పుడు అతని ఆఫీసు నుంచి ఒక మనిషి వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఆఫీసు కంప్యూటరు, మెడలో వేసుకునే కార్డు అడిగి తీసుకున్నాడు. ఛార్జరు కూడా ఉండాలండీ అన్నాడు. ఛార్జరు వెతికి ఇచ్చింది అత్తగారే. ఆ తర్వాత ఆ ఆఫీసు నుంచి మరే కబురూ రాలేదు.

సీనియర్ గుమాస్తా నిద్రలో పోయాడు. ఆపరేటరమ్మ నియమం ప్రకారం గంటలోపు ఆయన ఖాతా మూసేసింది. తర్వాత సంతాపాలు వచ్చాయి. స్టోర్సావిడ మాటలు, క్యాషియరు మాటలు, మేనేజరు మాటలు అత్తగారు చెప్పగా కోడలు రాసింది. కండక్టరు తన బ్రాంచి తరఫున రాశాడు. హెడ్డాఫీసు తరఫున ప్రిన్సిపలు గారు రాస్తూ మధ్యలో ఆగి ముక్కు చీదుకున్నారు. కంపెనీకి ఒకపూట సెలవు కూడా ప్రకటించారు. లేని కంపెనీ ఆ పూట పని చెయ్యలేదు.

సాయంత్రానికి డిస్పాచ్ గుమాస్తా ఉత్తరం వచ్చింది.

‘ఆయనతో నేను ఎన్నడూ ముఖాముఖి మాట్లాడలేదు. రోజూ ఉదయం ఆయన పంపే మొదటి ఉత్తరం చూసి నా పని మొదలుపెట్టేవాడిని. ఇవాళ ఏది ముందు చెయ్యాలో తెలియలేదు. ఆయన సంతకం కోసం ఉంచిన రసీదులు నా దగ్గర ఉన్నాయి. వాటిని వేరొకరికి పంపడానికి మనసొప్పడం లేదు. ఆయన ఇంట్లోవాళ్ళకి ఈ మాట ఎవరైనా చేరవేయగలిగితే మేలు చేసినవారవుతారు.’

అత్తగారు ఆ ఉత్తరం చదివించుకుంది. మళ్ళీ చదవమంది. ఇంకోసారి కూడా చదవమంది. తర్వాత అటు తిరిగి పడుకుని, “చేరిందని చెప్పు,” అంది.

మర్నాడు ఆపరేటరమ్మ సంస్థకి వెళ్ళగానే కండక్టరుతో అంది. “ఎంత బాగా రాశావు తమ్ముడూ. మా అత్తయ్య నిన్న నీ ఉత్తరం విని అన్నం కూడా తినలేదు.”

“ఏ ఉత్తరం?”

“అదే, డిస్పాచ్ గుమాస్తాది.”

కండక్టరు ఆమె ముఖంలోకి చూశాడు. “అది నువ్వు రాశావనుకుని నేను మా ఆవిడకి చదివి వినిపించానక్కా.”

“వేళాకోళం ఆడకు.”

“మా ఆవిడ మీద ఒట్టు.”

“మరి దిండు?”

“దిండు కూడా నువ్వే కదా?”

టేబుల్ ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఇద్దరూ లేచి ప్రిన్సిపలు గారి గదికి వెళ్ళారు. ఆయన విని తల అడ్డంగా ఊపారు. “నేను కాదమ్మా. నాకంత వినయం ఎక్కడిది?” గోడ మాస్టారి దగ్గరికి వెళ్ళారు. ఆయన లాగ్ తెరిపించి, ‘తమ్ముడి ఇల్లే కావచ్చు’ అని ఉన్న అడ్రసు ఎవరిదో కండక్టరును అడిగారు. అతనిది కాదు. ఎవరిదీ కాదు. ఎక్కడో సముద్రాలకి ఇవతలో అవతలో ఉన్న అడ్రసు. దిండు తగాదా మొదలైన కొద్ది రోజులకే ఎవడో ఎర ఖాతా తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. వచ్చినవాడు కదిలితే పట్టుబడతానని భయపడ్డాడో ఏమో, ఆ ఖాతా మనిషి చెయ్యాల్సిన పని చెయ్యడం మొదలుపెట్టాడు. లేని పిడుల లేని పార్సెళ్ళు వేళకి పంపాడు.

గోడ మాస్టారు మొదటిసారి గోడ వైపు నుంచి తిరిగి వాళ్ళ ముఖాలు చూశారు. “ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంట్లో పనిచేస్తున్న దొంగని ఎవడు పట్టాలమ్మా?” అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, “సాక్ష్యం భద్రం చెయ్యి. వాడికి అనుమానం రానివ్వకు. ఎల్లుండి పరీక్ష. నీ దొంగ దొరికాడు,” అన్నారు.

దొంగ దొరికినందుకు ఎగిరి గంతెయ్యాల్సింది. ఆపరేటరమ్మ కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి వెళ్ళింది. అత్తగారికి ఎలా చెప్పాలో దారి పొడుగునా ఆలోచించింది. చివరికి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

“దొంగా?” అంది అత్తగారు. “దొంగలు సంతాపం రాస్తారటే?”

“మనవాళ్ళెవరూ కారత్తయ్యా. బయటివాడు.”

“ఏం పట్టుకుపోయాడు?”

“ఏమీ లేదు. పట్టుకుపోవడానికి మాత్రం ఏముంది అక్కడ?”

“మరి ఊరికే పని చేసిపెట్టేవాడిని పట్టుకుని పోలీసులకి ఇస్తారా?”

“పోలీసులెవరూ రారు. పరీక్షలో చూపించి ఖాతా మూసేస్తారు. మళ్ళీ రాలేడు.”

అత్తగారు కళ్ళద్దాల్లోంచి ఎటు చూస్తోందో తెలియలేదు. “ఆ ఉత్తరం నేనే రాయించానని చెబితే?”

కోడలు చేతిలో ఉన్న మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది. “అప్పుడు అతను దొంగ కాదు, మన మనిషే అవుతాడు. నాకు దొంగ లేనట్టు లెక్క.”

“తప్పుతావా?”

“తప్పుతాను.”

“మళ్ళీ కూర్చోవచ్చు కదా?”

“ఈ సీటు ఒక్కసారేనత్తయ్యా. మీకు తెలుసు.”

ఆ తర్వాత రెండు రోజులూ అత్తగారు ఆఫీసు గురించి ఒక్క మాట అడగలేదు. పెద్దాయన పోయాక ఆ ఉదయపు ఉత్తరం ఎవరు పంపుతున్నారనైనా అడగలేదు.

బయటి పరీక్షాధికారి జలుబుతో వచ్చింది. చేతిలో రుమాలు, ముక్కు ఎర్రగా ఉంది. ఆపరేటరమ్మ లాగ్ చూపించింది, అడ్రసు చూపించింది, డిస్పాచ్ గుమాస్తా రాసిన ఉత్తరాలన్నీ వరసగా చూపించింది.

“ఇతను దొంగిలించిందేమిటి?”

“ఏమీ లేదు మేడమ్.”

“పాడుచేసిందేమైనా ఉందా?”

“లేదు. ఒక దిండు వెతికిపెట్టాడు.”

పరీక్షాధికారి తుమ్మింది. “ఏ దిండు?”

“లేని దిండు మేడమ్.”

ప్రిన్సిపలు గారు గొంతు సవరించుకున్నారు. “నా ఉద్దేశంలో అతను దొంగ కాదండీ. క్రమశిక్షణ గల ఉద్యోగి. మా దగ్గర అతని సర్వీసులో ఒక్క మచ్చ లేదు. పైగా జీతం కూడా తీసుకోలేదు.”

వెనక వరస నుంచి కండక్టరు ఉండబట్టలేక లేచాడు. “టికెట్టు లేకుండా ఎక్కినవాడు బస్సంతా ఊడ్చి, అద్దాలు తుడిచి, ముసలివాళ్ళకి సీటిచ్చినా టికెట్టు లేనివాడేనండీ.”

“కూర్చోండి,” అంది పరీక్షాధికారి. “నా ఇబ్బంది వేరు. కిందటేడు ఒకతను తన బావమరిదిని దొంగగా పెట్టుకుని పాసైపోయాడు. బావమరిది పరాయి ఊరి నుంచి దొంగతనం చేశాడు, ఇతను ఇక్కణ్ణుంచి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి నాకు టీ కూడా ఇప్పించారు. అందుకని అడ్రసు ఒక్కటీ చాలదు. ఈ గుమాస్తా మీ మనుషుల్లో ఎవరూ కాదని నాకు నమ్మకం కుదరాలి. ఈ బ్రాంచిలో ఎవరెవరి చెయ్యి ఉందో వాళ్ళంతా ఒక్కొక్కరే చెప్పండి. ఆ సంతాపం ఉత్తరం ఎవరు రాశారు?”

కండక్టరు తాను కాదన్నాడు. ప్రిన్సిపలు గారు అయిష్టంగా తాను కాదన్నారు. గోడ మాస్టారు తాను కాదని గోడకి చెప్పారు. ఆపరేటరమ్మ కాదంది.

“ఇంకెవరైనా ఉన్నారా?”

“మా అత్తయ్య మేడమ్. మాటలు ఆవిడ చెబితే నేను రాసేదాన్ని.” ఇది దాచవచ్చు. దాచాలని ఆమెకు తోచలేదు. “బయట బల్ల మీద కూర్చుంది.”

అత్తగారు మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరకుండా నల్లకళ్ళద్దాలతో వచ్చి నిలబడింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. పరీక్షాధికారి ఉత్తరం చదివి వినిపించింది. జలుబు గొంతులో కూడా ఆ మాటలు అలాగే ఉన్నాయి.

“ఇది మీరు రాయించారామ్మా?”

గదిలో అందరూ ఆవిడ వైపు చూశారు. ఆపరేటరమ్మ మాత్రం బల్ల మీదున్న తన చేతుల వైపు చూసుకుంది.

“నేను రాయించాననే చెబుదామనుకుని వచ్చానమ్మా,” అంది అత్తగారు. “మెట్లెక్కేదాకా అదే అనుకున్నాను.”

“మరి?”

“నేను రాయించలేదు.”

“మీ మనుషులెవరూ రాయలేదని మీకెలా తెలుసు?”

“మా అబ్బాయి ఆరేళ్ళు ఒక్క ఆఫీసులోనే చేశాడు. అక్కడ అందరూ వాడికి తెలిసినవాళ్ళే. వాడు పోతే వాళ్ళు వచ్చి ఛార్జరు పట్టుకెళ్ళారు. ఒక్కళ్ళు ఒక్క మాట రాయలేదు. సొంత ఆఫీసువాళ్ళు ఇలా రాయరమ్మా. ఇలా రాశాడంటే వాడు కచ్చితంగా బయటివాడే.”

పరీక్షాధికారి రుమాలు ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి అక్కడే ఉంచింది. కలం తీసుకుని పాసు అని రాసి, కింద సంతకం చేసి, పద్ధతి ప్రకారం ఖాతా తన కళ్ళ ముందే మూసెయ్యమంది.

ఆపరేటరమ్మ మూసింది. ‘నిజంగానే మూసెయ్యాలా’ అని తెర అడిగింది. ఔనంది. ఆ పని ఆమెకు వచ్చు.

కిందికి దిగేటప్పుడు అత్తగారు కోడలి భుజం పట్టుకుంది. టైర్ల కొట్టు దాటేవరకు వదల్లేదు.

మర్నాటి ఉదయం సంస్థకి వెళ్ళి ఆమె చివరి పని పూర్తి చెయ్యాలి. ఖాతా మూసిన తర్వాత ఎవరైనా తలుపు తట్టారేమో లాగ్ చూసి నివేదికలో చేర్చాలి. చూసింది, చేర్చింది, సంతకం పెట్టింది. నీటి సరఫరా కార్యాలయం వాళ్ళు ఎప్పుడు రమ్మన్నారో కనుక్కుని మధ్యాహ్నానికి ఇంటికి వచ్చింది.

అత్తగారు కంట్లో చుక్కల మందు వేయించుకోవడానికి తల వెనక్కి వాల్చి కూర్చుని ఉంది.

“వచ్చాడా?” అంది, కళ్ళు తెరవకుండా.

“వచ్చాడత్తయ్యా. ఆఫీసు తెరిచే వేళకే వచ్చాడు.”

“ఎన్నిసార్లు తట్టాడు?”

“రెండుసార్లు. తర్వాత వెళ్ళిపోయాడు.”

“నువ్వు తియ్యలేదు కదా?”

“తియ్యలేదు.”

“మంచిపని చేశావు,” అంది అత్తగారు. “మందు వెయ్యి. ముందు ఎడమ కంట్లో.”